రెడింగ్ ఇంట్లో బల్లి పలికింది: హీటింగ్ చప్పుళ్ళ డైరీ

నవంబర్ 3, ఆదివారం

అమ్మ బెజవాడ నుంచి ఇంగ్లండ్‌లో మా రెడింగ్ ఇంటికి వచ్చి మూడు వారాలైంది. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ, "ఒరే, ఈ దేశంలో బల్లులుంటాయా?" అనడిగింది. ఇళ్ళల్లో ఉండవన్నాను.

"మరి నా గదిలో రోజూ తెల్లారగట్ల పలుకుతోందేంటి? సరిగ్గా ఒకటే టైముకి మొదలెడుతుంది. ఇవాళ లెక్కపెట్టా, పద్ధెనిమిది సార్లు. ఏమనుకున్నా సత్యం అంటోంది."

బల్లి కాదు, సెంట్రల్ హీటింగ్. టైమర్ అయిదున్నరకి పెట్టి ఉంది. ఇల్లు కొని ఏడాదిన్నర అయింది. నేనూ మా ఆవిడా ఆ మోతకి అలవాటుపడి వినడమే మానేశాం. అమ్మకి అలవాటు లేదు కాబట్టి నాలుగింటికల్లా మెలకువ వచ్చి, అయిదున్నర దాకా బల్లి కోసం ఎదురుచూస్తూ పడుకుంటోంది.

సరే, దీని సంగతి చూద్దామని ఈ డైరీ మొదలెట్టాను. నా అనుభవం చెప్పాలంటే, బల్బు మార్చగలను, కుళాయికి టేపు చుట్టగలను. అంతే.

ఇల్లు 1930లలో కట్టింది. ఒక పక్క గోడ పక్కింటివాళ్ళతో ఉమ్మడి. నేల చెక్కలది, వెనక తర్వాత కట్టిన వంటగదికి మాత్రం కాంక్రీటు. వంటగదిలో గ్యాస్ బాయిలర్ నీళ్ళు కాస్తుంది. పై అంతస్తులో వేడినీళ్ళ సిలిండర్ ఉన్న అరలో పంపు ఉంది. అది ఆ నీళ్ళని చెక్కల కింద పరిచిన రాగి గొట్టాల్లోంచి ఎనిమిది రేడియేటర్లకి తోస్తుంది. చల్లారినవి మళ్ళీ బాయిలర్‌కి వస్తాయి. అవే నీళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతుంటాయి. కుళాయిలో వచ్చే నీళ్ళు వేరు. రేడియేటర్లని అమ్మ "గోడ కుంపట్లు" అంటుంది.

సాయంత్రం హీటింగ్ వేసి, కాగితం పట్టుకుని ఇల్లంతా తిరిగాం. నాకు చప్పుడంటే ఒకటే చప్పుడు. అమ్మ మాత్రం కూరలో ఉప్పూ కారం విడదీసి చెప్పినట్టు నాలుగు చెప్పింది. మేడ మీద మూడు పడగ్గదుల్లోనూ గుడగుడ, "ఉలవచారు కాగుతున్నట్టు". ఇల్లు వెచ్చబడ్డాక, ముఖ్యంగా రాత్రి, హోరు. ముందుగదిలో ఉండుండి దడదడ. తన గదిలో టక్, టక్. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అని ఫోన్‌లో రాసుకున్నాను.

ఒక్క నియమం పెట్టుకున్నాను: బాయిలర్ మూత ముట్టుకోను. ఇక్కడ గ్యాస్ పని చేయాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరుండాలి, చట్టం అది. పక్కింటి పెద్దాయన మాత్రం ఇప్పటికీ "కోర్గీ మనిషిని పిలిచావా?" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు ఎలిజబెత్ రాణి పెంచిన కుక్కలు గుర్తొచ్చి తెల్లమొహం వేశాను. 2009 ఏప్రిల్ దాకా ఆ రిజిస్టర్ పేరు కోర్గీయే.

నవంబర్ 5, మంగళవారం

ముందు గుడగుడ. కారణం అందరూ చెప్పేదే, రేడియేటర్ పైభాగంలో గాలి చేరుతుంది, నీళ్ళు దాని కిందుగా పోతూ బుడబుడలాడతాయి. చెయ్యి పెట్టి చూస్తే అమ్మ గది రేడియేటర్ కింద కాలిపోతోంది, పైన నాలుగంగుళాలు చల్లగా ఉంది. పై మూలనున్న చిన్న స్క్రూని చిట్టి తాళంచెవితో తిప్పితే గాలి సుయ్యిమని పోతుంది. దీన్ని బ్లీడ్ చేయడం అంటారు. తాళంచెవి పౌనున్నర.

మూడు గదుల్లోనూ చేశాను. మొదటిదాంట్లో గాలి బాగా వచ్చింది. మిగతా రెండింటిలో వచ్చిందో లేదో తెలియలేదు, బయట బాంబులు మొదలయ్యాయి. నవంబర్ అయిదు ఇక్కడ గై ఫాక్స్ రాత్రి, ఊరంతా బాణాసంచా కాలుస్తారు. నిశ్శబ్దంగా చెవి పెట్టి వినే పనికి ఏడాది మొత్తంలో ఇంతకంటే పనికిరాని రోజు నాకు దొరికేది కాదు. అమ్మ కిటికీ దగ్గర కూచుని దీపావళి మళ్ళీ వచ్చిందని మురిసిపోయింది.

నవంబర్ 10, ఆదివారం

గుడగుడ తగ్గలేదు, పెరిగింది. రోజు విడిచి రోజు బ్లీడ్ చేస్తూనే ఉన్నాను. నిన్నటికి అమ్మ గది రేడియేటర్ సగం దాకా చల్లగా ఉంది. స్లౌలో ఉన్న మిత్రుడికి ఫోన్ చేస్తే, "లోపలంతా బురద పట్టి ఉంటుంది బాసూ, పవర్ ఫ్లష్ కొట్టించెయ్, అయిదారొందల పౌండ్లతో పోతుంది" అన్నాడు. పవర్ ఫ్లష్ అంటే యంత్రంతో నీళ్ళు జోరుగా తోసి లోపలి బురద కడిగించడం. అంత డబ్బు పెట్టేముందు ఇంకొక్కసారి చూద్దామనుకున్నాను.

ఇవాళ స్క్రూ దగ్గర నీళ్ళు చిమ్ముతాయని టిష్యూ కాగితం అడ్డం పెట్టాను. తిప్పగానే టిష్యూ ఎగరాలి కదా. ఎగరలేదు, వెళ్ళి స్క్రూకి అతుక్కుపోయింది. చెయ్యి తీసినా పడలేదు. రేడియేటర్ గాలిని వదలడం లేదు, పీల్చుకుంటోంది.

ఇన్నాళ్ళూ గాలి తీస్తున్నాననుకుంటూ గాలి ఎక్కించింది నేనే. ఇది బుర్రకెక్కడానికి మెట్ల మీద కూచుని పది నిమిషాలు ఆలోచించాల్సి వచ్చింది. హీటింగ్ నడుస్తుండగానే స్క్రూ తిప్పుతున్నాను, అది మొదటి తప్పు. పంపు తిరుగుతున్నప్పుడు దాని వెనకవైపు పైపుల్లో లాగుడుంటుంది. మేడ మీది రేడియేటర్లలో నీటి ఒత్తిడి ఎటూ తక్కువ. పంపు ఆపి, నీళ్ళు నిలిచాకే తిప్పాలి. సరే, పంపు ఆపి తిప్పాను. ఈసారి పీల్చనూ లేదు, వదలనూ లేదు. పైనుంచి నీళ్ళు తోస్తేనే కదా గాలి బయటికి పోయేది. మరి పైన నీళ్ళున్నాయా?

నవంబర్ 16, శనివారం

అటక ఎక్కాను. మా ఇంటి పద్ధతి పాతది, అటక మీద ఒక చిన్న తొట్టి ఉండి, కింద నీళ్ళు ఎంత తగ్గితే అంత నింపుతూ ఉంటుంది. వేడికి నీళ్ళు ఉబ్బితే ఆ పొంగు కూడా అందులోకే వస్తుంది. మా ఇంట్లోలా వంద లీటర్లుంటే చలి నుంచి బాగా కాగేసరికి సుమారు మూడు లీటర్లు పెరుగుతాయి. ఆ మూడు లీటర్లకి చోటుండాలి కాబట్టి తొట్టిలో చల్లగా ఉన్నప్పుడు బెత్తెడు నీళ్ళే ఉండాలి.

టార్చి పెట్టుకుని, చెక్కదూలాల మీదే అడుగులేసుకుంటూ వెళ్ళాను. మధ్యలో కాలు జారితే కింద పాప గది సీలింగ్‌లోంచి దిగుతాను. పెద్ద తొట్టి ఒకటి కనిపించింది, నిండుగా ఉంది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగినవాణ్ణి ఆగాను. అది వాడుకనీళ్ళది. హీటింగ్‌ది దాని వెనకాల, చిన్న బకెట్ల జత పట్టేంత నల్ల ప్లాస్టిక్ డబ్బా. మూత మీద వేలెడు దుమ్ము. మూత తీశాను.

ఎండిపోయి ఉంది. అడుగున మట్టిరంగు బురద, నోళ్ళు తెరిచిన చెరువులా పగుళ్ళిచ్చింది. అందులో ఒక సాలీడు కూడా ఎండిపోయి ఉంది. నీళ్ళు తగ్గితే కిందికి జారి కుళాయి తెరవాల్సిన బంతి, దాని ఇత్తడి కాడతో సహా పైకి లేచి, సెల్యూట్ కొట్టినట్టు అలాగే బిగుసుకుపోయింది. రెడింగ్ నీళ్ళు సున్నపు నీళ్ళు, కెటిల్ అడుగున వారానికే తెల్లటి పొర కడుతుంది. ఏళ్ళ తరబడి కదలని కుళాయి మీద అదే పొర కట్టి అంటుకుపోయింది. కాడని వేలితో నొక్కాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే టప్‌మని విడిపోయి, ఒక్క క్షణం ఏమీ లేక, తర్వాత సన్నగా సుయ్యిమని నీళ్ళు మొదలయ్యాయి.

అవి తొట్టిలో నిలవలేదు. నలభై నిమిషాల సేపు వచ్చినవి వచ్చినట్టు కిందికి పోతూనే ఉన్నాయి. ఇల్లు అంత దాహం మీద ఉంది. అడుగు బురద కదలకుండా ముందే గరిటెతో తోడేశాను (పాత గరిటె, మా ఆవిడ చదివితే తెలియాలని రాస్తున్నాను). బంతి బాగా ఆడేదాకా కాడని పదిసార్లు పైకీ కిందికీ ఊపి, రబ్బరు వాషర్ మార్చి, బెత్తెడు ఎత్తులో నీళ్ళు ఆగేలా సరిచేశాను. ఆ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీశాను.

ఆ తర్వాత బాయిలరూ పంపూ ఆపేసి, కింది అంతస్తు నుంచి మొదలెట్టి పైకి బ్లీడ్ చేసుకుంటూ వచ్చాను. అమ్మ గదిలో గాలి ఒకటిన్నర నిమిషం ఆగకుండా పోయింది, ఆఖర్న నల్లటి నీళ్ళు పిచికారీ కొట్టాయి. టిష్యూ ఎగిరింది.

నవంబర్ 19, మంగళవారం

గుడగుడ మళ్ళీ కొంచెం వచ్చింది. కంగారుపడ్డాను గానీ ఇది వేరు. కొత్తగా చేరిన నీళ్ళలో కరిగి ఉన్న గాలి, వేడెక్కాక విడిపోయి పైకి చేరుతుంది. ఎసరు మరగకముందే గిన్నె అడుగున బుడగలు కనిపిస్తాయే, అవే. రెండుసార్లు బ్లీడ్ చేశాక పోయింది. అటకెక్కి చూస్తే నీళ్ళు గీత మీదే ఉన్నాయి.

నవంబర్ 22, శుక్రవారం

బాయిలర్ ఏడాది సర్వీసుకి గ్యాస్ సేఫ్ ఇంజినీర్ వచ్చాడు. బాయిలర్ శుభ్రంగానే ఉందని, లోపల కెటిల్ మోత లాంటిదేమీ లేదని చెప్పాడు. సున్నం కట్టిన బాయిలర్ పాలు పొంగబోయే ముందు గిన్నెలా గుర్రుమంటుందట. నేను పట్టి ఉంచిన నల్లనీళ్ళ గ్లాసు చూపించాను. అందులో వేలు ముంచి రుద్ది చూసుకుని, "ముందు క్లీనర్ పొయ్యి, వారం నడవనీ, తర్వాత అంతా ఖాళీ చేసి, తుప్పు పట్టకుండా ఇన్‌హిబిటర్ మందు పొయ్యి. ఇవి నువ్వు చేసుకోవచ్చు" అన్నాడు. పవర్ ఫ్లష్ గురించి అడిగితే, అన్ని రేడియేటర్ల అడుగూ వేడెక్కుతోంది కదా, అక్కర్లేదన్నాడు. డబ్బులొచ్చే పని వద్దన్న మనిషికి అమ్మ రెండోసారి టీ ఇచ్చింది, మిరపకాయ బజ్జీలతో.

సాయంత్రం అటక తొట్టిలో క్లీనర్ సీసా పోశాను. అది అక్కడే ఉండిపోకుండా కింద గుమ్మం దగ్గరి డ్రెయిన్ కుళాయి తిప్పి రెండు బకెట్ల నీళ్ళు తీశాను, దాంతో మందు కిందికి దిగింది.

నవంబర్ 24, ఆదివారం

గుడగుడ పోయేసరికి దాని వెనక దాక్కున్న హోరు బాగా వినపడుతోంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, మొన పైపు మీద పెట్టి వింటే ఎక్కడి చప్పుడో తెలుస్తుంది. మెకానిక్‌లు ఇంజన్ దగ్గర చేసే పని. ఇంట్లో ప్రతి పైపుకీ డాక్టరులా పెట్టి చూశాను. పాప వెనకే తిరుగుతూ చెక్కగరిటె పెట్టి చూసింది. పంపు దగ్గర చప్పుడు మామూలు. హోరంతా రేడియేటర్ల వాల్వుల దగ్గరే.

గది వెచ్చబడగానే వాల్వు తనంతట తనే ముడుచుకుంటుంది. దీన్ని టీఆర్‌వీ అంటారు, తల మీద అంకెలుండేది. అన్నీ ముడుచుకున్నా పంపు మాత్రం అదే జోరుతో తోస్తుంది. నీళ్ళ గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే వచ్చే చప్పుడే ఇది. అందుకే ఇల్లు చల్లగా ఉన్నప్పుడు రాదు, రాత్రి వెచ్చబడ్డాక వస్తుంది. మొదటిరోజు అమ్మ చెప్పిన "ఇల్లు వెచ్చబడ్డాక" అన్న మాట ఫోన్‌లో రాసుకుని ఉండకపోతే నేను పంపు మార్చేసి ఉండేవాణ్ణి.

పంపు మీద మూడు వేగాల మీట ఉంది. మూడులో ఉంది. రెండుకి తిప్పాను, హోరు సగం తగ్గింది. మిగతా సగానికి కారణం దొరికేసరికి రాత్రి పది. బాత్రూంలో తువ్వాళ్ళు ఆరేసుకునే రేడియేటర్‌కి టీఆర్‌వీ లేదు, మామూలు చేతి వాల్వు ఉంది. అది పాత ఇంటివాళ్ళ పిసినారితనం అనుకున్నాను. కిందటేడు గ్యాస్ ఆదా అవుతుందని దాన్ని బిగించేసింది నేనే. మిగతావన్నీ ముడుచుకున్నప్పుడు నీళ్ళు పోవడానికి ఒక దారి ఉండాలని కావాలనే దాన్ని అలా వదిలారట. పూర్తిగా తెరిచాను. ఇల్లు ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది.

నాలుగు చప్పుళ్ళలో ఒకటిన్నర నా సొంత కృషి అన్నమాట.

నవంబర్ 30, శనివారం

పెద్ద పని. నీళ్ళన్నీ తీసేసి, ముందుగది వాల్వు మార్చి, మళ్ళీ నింపడం.

ముందుగది దడదడ సంగతి వారం నుంచి చూస్తున్నాను. వాల్వు మూడో అంకె దగ్గరకి వచ్చినప్పుడే, అదీ దాదాపు మూసుకుంటుండగానే వస్తోంది. వడ్రంగిపిట్ట కొట్టినట్టు వరసగా. పూర్తిగా తెరిస్తే లేదు, మూసేస్తే లేదు. పాతరకం టీఆర్‌వీలు నీళ్ళు ఒకవైపు నుంచి వచ్చేలాగే తయారయ్యేవి. తిరగబడి వస్తే, మూసుకోబోతున్న బిళ్ళని నీళ్ళే తోసి టపీమని మూస్తాయి, ఒత్తిడి పోగానే అది తెరుచుకుంటుంది, మళ్ళీ మూస్తాయి. గాలికి గడియ లేని తలుపు కొట్టుకోవడం లాంటిదే. హీటింగ్ వేసిన వెంటనే రేడియేటర్ రెండు వైపులా గొట్టాలు పట్టుకుని చూశాను. వాల్వు లేని వైపు ముందు వేడెక్కింది. అంటే వాల్వు నీళ్ళు బయటికి పోయే వైపుంది. మొహం దగ్గరగా పెట్టి చూస్తే ఇత్తడి మీద చిన్న బాణం, రేడియేటర్ వైపు చూపిస్తూ. నీళ్ళు వస్తున్నది దానికి ఎదురు.

బాయిలర్‌కి కరెంటు తీసేశాను. అటక మీది బంతి కాడని పైకెత్తి తాడుతో కర్రకి కట్టేశాను, లేకపోతే నేను తీస్తుంటే అది నింపుతూ ఉంటుంది. డ్రెయిన్ కుళాయికి తోట గొట్టం తగిలించి, వంటింటి మురుగు పోయే కాలవలో వదిలాను. నీళ్ళు కాటుక కలిపినట్టున్నాయి. ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బకెట్‌లో ముంచితే, తీసేసరికి ఎలుగుబంటి బొచ్చులా నల్లగా పట్టుకొచ్చింది. ఇదీ తుప్పే, కాకపోతే గాలి అంతగా తగలని చోట పట్టే నల్ల తుప్పు, మాగ్నటైట్. పైనుంచి గాలి పీలుస్తున్నన్నాళ్ళూ రేడియేటర్లు లోపల్లోపల ఇలా కరుగుతూనే ఉన్నాయన్నమాట.

కొత్త వాల్వు మీద బాణానికి రెండు వైపులా మొనలున్నాయి, నీళ్ళు ఎటు నుంచి వచ్చినా పరవాలేదు. పాత నట్టు విప్పేటప్పుడు కింద రెండు తువ్వాళ్ళు, ఒక బేసిన్ పెట్టాను. అంతా ఖాళీ అయిందనుకున్న రేడియేటర్ అడుగున చెంబెడు నల్లనీళ్ళు మిగిలి ఉన్నాయి. అవి బేసిన్‌ని తప్పించుకుని, లేత గోధుమరంగు కార్పెట్ మీద పడ్డాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఉండే మాటలన్నీ అన్నది. ఆ చోట ఇప్పుడు మనీప్లాంట్ కుండీ ఉంది.

వాల్వు బిగించాక ఒక పూట నీటిచుక్క కడుతూ ఉంది. పావు చుట్టు బిగిస్తే ఆగింది. శుభ్రమైన నీళ్ళతో ఒకసారి నింపి మళ్ళీ తీసేసి, రెండోసారి నింపుతూ తొట్టిలో ఇన్‌హిబిటర్ పోశాను. లోపలి ఇనుము తుప్పు పట్టకుండా కాపాడే మందు ఇది. పొద్దున తొమ్మిదికి మొదలెడితే రాత్రి ఎనిమిదయింది. బయట ఆరు డిగ్రీలు. అమ్మ రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని వంటింట్లో పొయ్యి దగ్గర కూచుంది. దడదడ లేదు.

డిసెంబర్ 8, ఆదివారం

ఇక బల్లి. వారం రోజులు టైము రాశాను. హీటింగ్ 5:30కి మొదలు, టక్ 5:36కి. పావుగంట సేపు, మొదట్లో గబగబా, పోనుపోను ఆగి ఆగి. తర్వాత నిశ్శబ్దం. హీటింగ్ ఆగాక మళ్ళీ పలుకుతుంది, ఈసారి తీరుబడిగా. గొట్టం వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ మాత్రమే. ఇది నీళ్ళ చప్పుడు కాదు.

ఇది పట్టుకున్నది అమ్మ. "ఎండాకాలం పట్టాలు సాగుతాయని మీ నాన్నగారు చెప్పేవారు కదరా, మధ్యలో సందు వదిలేది అందుకే కదా" అంది. నాన్న ముప్ఫై ఏళ్ళు రైల్వేలో పట్టాల పనే చూశారు. రాగి ఇనుముకంటే ఎక్కువ సాగుతుంది. మీటరు గొట్టం ఒక డిగ్రీ వేడెక్కితే 0.017 మిల్లీమీటర్లు. అమ్మ గది ముందు నడవాలో నేల కింద ఆరు మీటర్ల గొట్టం సాఫీగా పోతోంది. పదిహేను డిగ్రీల నుంచి డెబ్బయ్యయిదుకి వెళ్తే ఆరు మిల్లీమీటర్లు పొడుగవుతుంది. ఆ పొడుగు ఎక్కడికి పోవాలి? గొట్టం ఒక చెక్కదూలానికి గట్టిగా ఆని ఉంటే, కదలలేక బిగబట్టుకుని బిగబట్టుకుని ఒక్కసారి జారుతుంది. ఆ జారడమే టక్. పద్ధెనిమిది సార్లు జారితే ఆరు మిల్లీమీటర్లు పూర్తి.

డిసెంబర్ 14, శనివారం

నడవాలో కార్పెట్ ఒక అంచు నుంచి లేపి చుట్టాను. పాత పైన్ చెక్కలు, చేత్తో కొట్టిన మేకులు. స్క్రూడ్రైవర్ స్టెతస్కోపు ముందే చెప్పింది ఏ చెక్క దగ్గరో. మేకులు పీకి దాన్ని లేపాను. కింద కరెంటు తీగలు కూడా పోతుంటాయి, కాబట్టి రంపం వాడకుండా, ఎప్పుడో ఎవరో కోసి పెట్టిన ముక్కనే లేపాను.

కింద 1930ల నాటి దుమ్ము, ఒక సిగరెట్ పెట్టె కాగితం, పక్కపక్కనే రెండు రాగి గొట్టాలు. దూలాల్లో గాడి కోసి గొట్టాలు అందులో కూచోబెట్టారు. మూడు దూలాల దగ్గర వదులుగానే ఉన్నాయి. నాలుగోచోట గాడి మరీ ఇరుకు, పైనున్న చెక్క గొట్టాన్ని అదిమిపెడుతోంది. చెక్క తిరగేసి చూస్తే గొట్టం రాసుకున్న చోట నున్నగా మెరుస్తున్న గీత. సరిగ్గా చిటికెనవేలి గోరంత పొడుగు. కొలిచాను, ఏడు మిల్లీమీటర్లు. లెక్క ఆరు చెప్పింది, బల్లి ఏడు చెప్పింది.

గాడిని ఉలితో వెడల్పు చేయడం తేలిక, కానీ లోతు చేస్తే దూలం బలం తగ్గుతుంది. పక్కలకి మాత్రం రెండు మిల్లీమీటర్లు చెక్కాను. మధ్యలో పెట్టడానికి ఫెల్టు ముక్క కొన్నాను గానీ, దానికంటే మంచిది ఫ్రిజ్‌లో ఉందని తర్వాత తెలిసింది: నాలుగు పింట్ల పాలడబ్బా. ఆ ప్లాస్టిక్ మీద రాగి చాలా సాఫీగా జారుతుంది, ఈ వేడికి కరగదు కూడా. కడిగి, పేలికలు కోసి, నాలుగు దూలాల దగ్గరా గొట్టం కింద దోపాను. పై చెక్క అడుగున గొట్టం తగిలే చోట కాస్త చెక్కి, మేకుల బదులు స్క్రూలు బిగించాను. గొట్టాల దగ్గర స్క్రూ దిగకుండా రెండు వైపులా పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాను. అక్కడ తప్పు జరిగితే ఈ డైరీ ఇంకో రకంగా ఉండేది.

బాయిలర్ మీట కూడా కాస్త తగ్గించాను, ఎనభై దగ్గరున్నది ఇప్పుడు అరవయ్యెనిమిది. గొట్టం సాగేదీ తగ్గుతుంది. ఇంకా తగ్గిద్దామంటే సిలిండర్‌లో వాడుకనీళ్ళు అరవై డిగ్రీలకి కాగాలి, లేకపోతే లెజియోనెల్లా అనే బాక్టీరియా చేరుతుంది. అందుకని అక్కడ ఆపాను.

డిసెంబర్ 15, ఆదివారం

అమ్మ ఏడున్నరకి లేచింది. లేచిన వెంటనే కంగారుగా కిందికొచ్చి, "ఏవిట్రా, హీటింగ్ పాడైందా? ఏమీ వినపడట్లేదు" అంది.

డిసెంబర్ 28, శనివారం

సెలవుల్లో రేడియేటర్లని సరితూచాను. దీన్ని బ్యాలెన్సింగ్ అంటారు. పంపుకి దగ్గరున్నవి నీళ్ళన్నీ లాగేసుకుంటే దూరంగా ఉన్న ముందుగదికి అందవు. టీఆర్‌వీకి రెండో పక్కనుండే లాక్‌షీల్డ్ అనే వాల్వుని స్పానర్‌తో కొద్దికొద్దిగా బిగిస్తూ, లోపలికి పోయే గొట్టానికీ బయటికొచ్చే గొట్టానికీ మధ్య పదకొండు పన్నెండు డిగ్రీల తేడా వచ్చేలా చూడాలి. అమ్మ గదిది దగ్గరది, అరచుట్టు చాలింది. ముందుగదిది పూర్తిగా తెరిచాను. రెండు రోజులు పట్టింది. ప్రతి తిప్పుడుకీ ఇరవై నిమిషాలు ఆగాలి, నాకు ఆ ఓపిక లేక మొదట అన్నీ రెండేసిసార్లు చేశాను. ఒకచోట మరీ బిగించేసరికి సన్నటి ఈల వచ్చింది, పావు చుట్టు వదిలితే పోయింది.

జనవరి 11, శనివారం

అటక మీద నీళ్ళు గీత మీదే ఉన్నాయి. రేడియేటర్ నీళ్ళు గ్లాసులో పట్టి చూస్తే లేత టీ రంగు, అయస్కాంతానికి ఏమీ అంటలేదు. స్లౌ మిత్రుడు భోజనానికొచ్చి, ఎంతయిందని అడిగాడు. వాల్వు, రెండు మందు సీసాలు, వాషర్, తాళంచెవి, ఫెల్టు (వాడనిది), అన్నీ కలిపి డెబ్బయి పౌండ్ల లోపే. కార్పెట్ లెక్కలో లేదు.

ఒకటి మిగిలిపోయింది. వంటింట్లో సింకు వెనకాల, గొట్టం కాంక్రీటులోకి దిగే చోట, హీటింగ్ ఆగిన కాసేపటికి ఒక్క టక్ వస్తుంది. అక్కడ నేల పగలగొడితే గానీ కుదరదు, పగలగొట్టను.

నిన్న రాత్రి అమ్మ గిన్నెలు తుడుస్తూ, "మార్చిలో టికెట్ చూడు. వెళ్ళి మామిడికాయల టైముకి ఆవకాయ సంగతి చూసుకోవాలి" అంది. గోడలోంచి టక్ మంది. అమ్మ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, సింకు గట్టు మీద వేలితో మూడుసార్లు కొట్టింది. "చూశావా, సత్యం."